సెంటు సీస పాట

"ముందుగాల గీ పాటల ఉన్నోడెవడో తేలాలె. ముహూర్తం సంగతి అటెన్క!" అంటూ మొగిలయ్య తన ఫోన్‌ను మంచం మీద పెట్టి పాట నొక్కాడు. కృపారాణి గొంతు ఖంగుమంది.

"పండుక్కొస్తనంటివి, పండుగెల్లిపాయె
సెంటు సీస పంపితివి, వాసనెల్లిపాయె..."

కొడుకు అభిలాష్ ఇష్టపడ్డ పిల్ల ఆమె. మస్కట్ నుంచి సెలవు మీద దిగిన మొగిలయ్య సిరిసిల్లలో ఒక పెళ్లి బరాతులో, డీజే మీద ఈ పాట విన్నాడు. పాడింది కాబోయే కోడలని తెలిసింది. ఇంకేముంది! నిన్నంతా కోరుట్లలో ఇల్లు పీకి పందిరేసి, ఇవాళ భార్య గంగవ్వనూ కొడుకునూ వెంటేసుకుని మల్లాపూర్‌లో పిల్ల ఇంటికొచ్చి కూర్చున్నాడు. పాటలో మర్మం పట్టడంలో తనంతటివాడు లేడని ఆయన ధీమా.

"పండుక్కొస్త అన్నడట. అంటే ఆశ పెట్టిండు. సెంటు సీస పంపిండట. అంటే బుట్టలేసిండు. రానే రాలేదట. అంటే నిండ ముంచిండు! నీకు జరగంది గిట్ల పాడస్తదా బిడ్డా?"

"నేను పాడిన గంతే మామా. మీ కోరుట్లల బీడీలు చేసెటోళ్ల కాడ నేర్చుకున్న" అంది కృపారాణి, తల దించకుండా.

"బీడీలు చేసెటోళ్లకు సెంటు సీసలు ఎవడు పంపుతడు? ఎవలు కట్టిండ్రో చెప్పు మరి!"

"పేరు చెప్పద్దన్నరు."

"సూసినవారా?" కొడుకువైపు తిరిగాడు మొగిలయ్య. "దొరికిపోయింది!"

"బాపూ, చేసుకుంటే గీ పిల్లనే చేసుకుంట."

"నోర్ముయ్! గీ సంబంధం క్యాన్సిల్."

అభిలాష్ ముఖం మాడిపోయింది. పాట మాత్రం ఆగలేదు.

"గొంతు యాదికున్నది, మొఖమే యాదికి రాదు..."

కృపారాణి తల్లి శ్రీలత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మొగిలయ్యకూ ఒక్క క్షణం మనసు కలుక్కుమంది. దాంతో కోపం ఇంకా నషాళానికెక్కింది.

"ఆడదాన్ని గింత గోస పెట్టినోడు మనిషేనా? ఎదురుంగ దొరకాలె, చెప్పు తీసుకొని కొడుత! ఎవడు వాడు?"

అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న గంగవ్వ నిదానంగా లేచి ఫోన్ ఆపింది. కృపారాణి పక్కకు వెళ్లి నిలబడి, భుజం మీద బీడీలు చుట్టి చుట్టి మొద్దుబారిన చెయ్యి వేసింది. మొగుడి కళ్లలోకి సూటిగా చూసింది.

"గా పాట కట్టింది నేనే, నీ మీద."