మగ్గం గుంతలో దయ్యం

రాజలింగు పుస్తకాన్ని బల్ల మీద విసిరికొట్టాడు. కాశిబుగ్గలో నవలలు కిరాయికిచ్చే యాకయ్య ఉలిక్కిపడ్డాడు.

"ఏందే యాకయ్యా, గిసుంటి దయ్యాల బుక్కులా ఆడోళ్లకిచ్చేది? నాలుగొద్దులాయె, మా ఇంటిది విమల మగ్గం గుంతల కాలు పెడ్తలేదు!"

"ఎందుకన్నా?"

"గుంతల చెయ్యున్నదట! తొక్కుడు కట్టె మీద కాలు పెట్టంగనే పట్టి లోపలికి గుంజుతదట! గీ బుక్కుల సదివిందట!"

"జర నిమ్మలంగ చెప్పే..."

"ఏం నిమ్మలం? సోమవారానికి దుప్పట్లు ఒప్పజెప్పకుంటే సొసైటోళ్లు నూలు బంద్ పెడ్తరు. ఇంటిల్లిపాది ఏం తినాలె, నీ నవలలా?"

ఈ నాలుగు రోజులూ రాజలింగు ఊరుకున్నాడా అంటే ఊరుకోలేదు. గుంతలో దీపం పెట్టాడు. నిమ్మకాయ కోశాడు. తనే దిగి అడుగంతా చేత్తో తడిమి చూపించాడు. విమలమ్మ మంచం దిగలేదు. తన మగ్గం, ఆమె మగ్గం రెండూ తనే నేయలేక చస్తున్నాడు.

"మొన్న రాజక్క గుంత దిగనన్నది, నిన్న మొగిలి పెండ్లాం. వాడల మూడు మగ్గాలు ఆగినయ్. చింపి పారెయ్యి దీన్ని!"

"బుక్కంత ఎందుకు చింపుడు? ఆ చెయ్యి ఏ పేజీల ఉన్నదో చూపియ్యి, గదొక్కటి చింపుత."

రాజలింగు పుస్తకం లాక్కుని పేజీలు తిప్పాడు. ఊటీలో బంగ్లా. జమీందారు ఫొటో. మెట్ల మీద తెల్లచీర. దడదడ తిప్పుతూ చివరి అట్ట దాకా పోయాడు. మళ్లీ మొదటికొచ్చాడు. మగ్గం లేదు, గుంత లేదు.

"నేను రెండుసార్లు సదివిన," అన్నాడు యాకయ్య. "భయానికి జరమొచ్చింది గని, మగ్గం మాటే లేదు. అయినా మన వాడ ఆడోళ్లు ఇదే కావాల్నని లైన్ కడ్తాన్రు."

"మరి మా ఆమెకు గా చెయ్యి ఏడికెల్లొచ్చిందిర భై?"

ఇద్దరూ పుస్తకం మీదికి వంగి మళ్లీ వెతకసాగారు.

అంతలో బయటి నుంచి పక్క వాడ అనసూర్య కేకేసింది:

"యాకయ్యన్నా, ఆ మగ్గం దయ్యం బుక్కు నాకియ్యే! మోకాళ్లు పోయినయని ఏడాది సంది మొత్తుకుంటాన, మా ఆయన ఇంటలేడు. దయ్యం చెప్తెనన్న ఇంటడు!"