ముప్పై ఒకటో మాట

ముప్పై మాటలు. అంతకు ఒక్కటి కూడా ఎక్కువ వద్దన్నాడు డాక్టర్ రాజేశ్వర్ రావు. నకళ్లు తీసే స్టెన్సిల్ కాగితం మీద అన్నే పడతాయి.

అది 1979 ఎండాకాలం. సుబేదారిలోని ఆ చిన్న ఆసుపత్రికి అడవి ఊళ్ల నుంచి, తండాల నుంచి రోగులు వస్తారు. వాళ్ల భాష నర్సులకు రాదు. అందుకని కార్డులు చేస్తున్నారు. కార్డుకొక మాట, తెలుగు, ఉర్దూ, లంబాడీ, కోయ భాషల్లో, అన్నీ తెలుగు అక్షరాల్లోనే. పరకాల నర్సులైనా, ములుగు నర్సులైనా ఎవరినీ అడగకుండా నకలు తీసుకోవచ్చు. కొత్త మాట కలిపితే మాత్రం ఇక్కడికొక కాగితం పంపాలి. అదీ ఒప్పందం.

ఉర్దూ, లంబాడీ వరసలు నిన్ననే నిండాయి. కోయ వరస కోసం సారలమ్మను పిలిచారు. ఆమె భర్తను పదకొండో నంబరు మంచం మీద చేర్చి పన్నెండు రోజులైంది. తునికాకు కళ్లాల్లో పనిచేస్తూ ఆమె తెలుగు నేర్చుకుంది.

"ఆయన జర నిద్రవోయిండు. లేచేదాక కూసుంట," అని బల్ల పక్కన కూర్చుంది.

నర్సు నిర్మల రాసింది. ఎక్కడ నొప్పి. ఎన్ని రోజుల నుంచి జ్వరం. ఈ గోలీ అన్నం తిన్నాక వేసుకో. ఒక్కో మాటా సారలమ్మ కోయలో నింపాదిగా చెప్పింది. మధ్యలో ఆయా కట్టమ్మ వార్డు నుంచి రెండుసార్లు చీటీ తెచ్చింది. ఒకసారి సెలైన్ సీసాలు అయిపోయాయని, ఒకసారి డాక్టరు సంతకం కావాలని.

ముప్పై అయ్యాయి. సారలమ్మ లేవలేదు.

"ఇంకొక్కటి రాయుండ్రి సారూ. మీ మనిషి పోయిండు అని."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఈ కార్డులు వైద్యానికి. వైద్యం అయిపోయాక చెప్పేవి వీటిలోకి రావు. ఒకదాన్ని రానిస్తే ఇంకో పది వస్తాయి. నిర్మల కూడా వద్దనే అంది. అది కార్డు చూసి చదివే మాట కాదంది.

సారలమ్మకు కోపం రాలేదు. కిందటేడు వాళ్ల చిన్నమ్మ కొడుకు వేరే ఊరి దవాఖానలో పోయాడట. చిన్నమ్మకు తెలుగులో చెప్పారట. ఆమె అర్థమైనట్టే తల ఊపి, పొద్దుగూకే దాకా కొడుక్కోసం గంజి చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుందట.

"నీకు తెలుగు మంచిగనే వస్తది గదా," అంది నిర్మల.

"బేరానికొస్తదక్కా. కూలికొస్తది. గసుంటి మాట తెలుగుల జెప్తే నాక్కూడ సమజ్ గాదు."

కట్టమ్మ మూడో చీటీ తెచ్చింది. నిర్మల చదివి, సారలమ్మ వైపు చూడకుండా డాక్టరు ముందుకు జరిపింది. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఫ్యాను గాలికి ఖాళీ కార్డు ఒకటి బల్ల అంచుదాకా జరిగింది. నిర్మల దాన్ని పట్టుకుంది.

"రాద్దాం సర్," అంది.

డాక్టరు స్టెన్సిల్ సంగతి ఎత్తలేదు. "ముప్పై ఒకటి," అని మాత్రం అన్నాడు.

సారలమ్మ చెప్పింది. నిర్మల రాసుకుని చదివింది.

"గట్ల జెప్తే ఎడ్లు తప్పిపోయినయ్ అనుకుంటరక్కా," అని నవ్వింది సారలమ్మ.

నిర్మల రెండోసారి చదివింది. చివర కొంచెం సాగదీయమంది సారలమ్మ. మూడోసారి చదివింది. తొందరపడలేదు.

"గిప్పుడు మా ఊరి ఆడిమనిషి జెప్పినట్టే ఉన్నది."

"సమజైతదా?"

"అయితది. ఎవ్వరికైనా అయితది."

నిర్మల కార్డును బల్ల మీద బోర్లించి, సారలమ్మ రెండు చేతులూ పట్టుకుని, అదే మాట నాలుగోసారి ఆమెకే చెప్పింది.