నెమ్మదిగా మాట్లాడు

పగలంతా ఆఫీసు కోడుతో కుస్తీ పట్టి చేతులు లాగేస్తుంటే, మాట్లాడితే టైపు చేసే టూల్ ఒకటి తన బ్లాగు కోసం తయారు చేసుకుంది ఆవిడ. భర్త, పాప పడుకున్నాక హాల్లో కూర్చుని దానికి కబుర్లు చెప్పేది. రోజంతటిలో తనకంటూ మిగిలేది ఆ కాస్త సమయమే.

ఆ రాత్రి తర్వాతి వాక్యం తట్టక ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. అయినా స్క్రీన్ మీద ఒక లైను పడింది.

"నెమ్మదిగా మాట్లాడు, పాప లేస్తుంది."

గదిలోంచి భర్త అన్నాడేమోనని వెళ్ళి, తట్టి లేపింది.

"నువ్వేమైనా అన్నావా?"

"లేదే. కునుకు పట్టి కలగన్నావేమో, వచ్చి పడుకో," అని అటు తిరిగాడు.

నిజమే అనుకుంటూ తిరిగొచ్చింది. గదిలో వాళ్ళన్న మాటలు కూడా స్క్రీన్ మీద ఉన్నాయి. ఆమె ప్రశ్నకూ అతని జవాబుకూ మధ్య ఇంకొకటి ఉంది.

"నేనే అన్నాను."

మైకు ఆపబోతుంటే పాప ఏడుపు అందుకుంది. ఆవిడ కుర్చీలోంచి లేచేలోపే ఆ ఏడుపు సద్దుమణిగింది. భర్త గురక మాత్రం ఆగలేదు. స్క్రీన్ మీద మరో లైను వచ్చింది.

"ఏం లేదు తల్లీ, బజ్జో."

పాప ఈమధ్య రాత్రుళ్ళు తనంతట తనే ఊరుకుంటోందని, బంగారు తల్లని, ఇన్నాళ్ళూ అందరితో మురిసిపోతూ చెప్పుకునేది ఆవిడ.

పరుగున వెళ్ళి గుమ్మంలో ఆగిపోయింది. భర్త గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. ఇవతల చీకట్లో, పాప వీపు మీద ఎవరో జోకొడుతున్న చప్పుడు మెల్లగా వినిపిస్తోంది.