పోటు వచ్చేలోగా

“దిగుడులో కూడా పెడల్ తొక్కే మనిషిని నిన్నే చూస్తున్నానక్కా!”

డ్రిల్లు మాస్టారు సైకిలు రోడ్డుకు అడ్డంగా ఆపి అరిచాడు. అక్కకు జవాబు చెప్పడానికి ఊపిరి ఉంటేగా! హ్యాండిల్ మీద వాలిపోయి, చేతిగుడ్డతో మొహం తుడుచుకుంది.

కింద సముద్రం నల్లరాళ్ళకేసి తల బాదుకుంటోంది. కొండ అంచు పట్టుకుని రోడ్డు మెలికలు తిరుగుతూ పోతోంది. దూరంగా, ఒడ్డుకు విడిగా, నీళ్ళ మధ్య రాతిగుట్ట మీద పాడుబడ్డ కోట. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే దానికి బాట తేలుతుంది. పన్నెండయితే పోటు మొదలు. బాట మళ్ళీ మునిగిపోతుంది. ఇంకో రోజు ఉందామంటే అక్కకు సెలవు లేదు. బైండింగు షాపులో పుస్తకాలు కుట్టే అక్క, ఒక పుస్తకంలో ఈ కోట బొమ్మ చూసి, “చచ్చేలోగా ఇది చూడాలిరా” అని తమ్ముణ్ణి బయల్దేరదీసింది.

“టైమెంతరా?”

“పదకొండు కావస్తోంది. నా లెక్క ప్రకారం తొమ్మిదిన్నరకే అక్కడుండాలి. మా బళ్ళో ఆరో క్లాసు పిల్లలు నీకన్నా నయం.”

“ఏమోరా, ఎంత తొక్కినా వెనక ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుంది.”

“ఎవరూ లాగడం లేదు, నీ ఒళ్ళే లాగుతోంది. పొద్దున్నే నాలుగడుగులు నడవమని ఎన్నిసార్లు చెప్పాను? చెవిన పెడితేగా!”

అక్క నవ్వింది. ఆ నవ్వు చూసేసరికి అతనికి ఇంకా ఒళ్ళు మండింది.

“నీతో రావడం నాదే బుద్ధితక్కువ. నువ్వూ చూడవు, నన్నూ చూడనివ్వవు.”

మాట నోరు దాటింది. అక్క నవ్వు ఆగిపోయింది. సముద్రం వైపు చూసి, మెల్లిగా అంది: “నువ్వు పోరా. ఇద్దరం ఆగిపోతే ఎవరికి లాభం? చూసొచ్చి చెప్పు, చాలు.”

కాదనాల్సింది. అనలేదు. పెడల్ మీద కాలు వేశాడు.

ఒడ్డున సైకిలు పెట్టి, నాచు పట్టిన బాట మీద జారుతూ లేస్తూ కోట చేరాడు. కూలిన గోడలు, పైకప్పు లేని గదులు. ఒక మూల మెట్లు. ఎక్కి ఎక్కి, ఏ గదికీ పోకుండా గాలిలో ఆగిపోయాయి. పై మెట్టు మీద నిలబడితే వచ్చిన రోడ్డంతా కనిపించింది. ఆ రోడ్డు మీద చీమంత మనిషి, సైకిలు తోసుకుంటూ నడిచి వస్తోంది. రెండడుగులు వెయ్యడం, ఆగడం. మళ్ళీ రెండడుగులు.

పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొద్దామని గబగబా మెట్లు దిగాడు. అప్పటికే పోటు వస్తోందని కోట కావలివాడు ఈల ఊదుతున్నాడు. రోజూ పిల్లల మీద తను ఊదే ఈల, ఈసారి తన మీద మోగింది. మోకాలి లోతు నీళ్ళలో ఈడ్చుకుంటూ ఒడ్డుకు చేరేసరికి వెనక బాట లేదు.

అక్క అప్పుడే వచ్చి నిలబడింది.

“ఎలా ఉందిరా?”

“ఏముంది, నాలుగు రాళ్ళు.”

“మెట్లుంటాయే, ఆకాశంలోకి ఎక్కేవి... ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“ఎక్కావా?”

“ఎక్కాను.”

“పోన్లే. ఇద్దరిలో ఒకరమైనా ఎక్కాం.”

తిరుగుదారిలో అతను అక్క వెనకే, ఆమెను దాటిపోకుండా వచ్చాడు. ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు అనకపోతే మాత్రం ఏం లాభం? బస చేసిన ఊరు చేరేసరికి పొద్దు వాలింది. అక్క నేరుగా బస్టాండు దగ్గర దిగింది.

“నేను బస్సులో వెళ్ళిపోతానురా. రేపు నువ్వు హాయిగా నీ వేగంతో తొక్కుకుంటూ రా. నా సైకిలు ఏ లారీలోనో వేయించు.”

“అక్కా, కోపమా? ఏదో నోరు జారాను. సెలవు లేకపోతే పోయింది, రేపు మళ్ళీ వెళ్దాం, నేను తోస్తాను నిన్ను.”

“పిచ్చోడా, నీ మీద కోపమేంటి? నాకే చేతకావడం లేదు. నీకెందుకురా ఈ గుదిబండ!” అంటూ బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగాక కూడా అతను అక్కడే నిలబడ్డాడు.

కాసేపటికి తేరుకుని, అక్క సైకిలు తోసుకుంటూ, లారీ సంగతి అడుగుదామని బస్టాండు ఎదుటి సైకిలు షాపుకు బయల్దేరాడు. పట్టుమని ఇరవై గజాలు లేదు. బండి ముందుకు రానంటూ మొరాయించింది.

షాపు పెద్దాయన సీటు పట్టుకుని వెనక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పాడు. చక్రం సగం తిరిగి, గరగరమని ఆగిపోయింది.

“చూశారా, బ్రేకు రబ్బర్లు రెండూ చక్రాన్ని కరుచుకుని ఉన్నాయి. దీన్ని ఆ కోట దాకా తొక్కిందా ఆ అమ్మ? కాళ్ళు కావండీ అవి, ఇనుము!”

మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ అదురు కాస్తా పెద్దాయన మీద కోపమై లేచింది.

“నిన్న గాలి కొట్టించుకోడానికి మీ దగ్గరికే వచ్చింది కదండీ! అప్పుడే ఎందుకు వదులు చెయ్యలేదు?”

“విప్పబోయానండీ. ఆవిడ పడనిస్తేగా!” పెద్దాయన పానా చేతిలోకి తీసుకున్నాడు. “‘ముట్టుకోకు నాయనా, దిగుళ్ళున్న రోడ్డని మా తమ్ముడు తన చేత్తో బిగించాడు, నా విషయంలో వాడు పొరపాటు చెయ్యడు’ అంది.”