సన్నజాజికి ఊతకర్ర

చలికాలం వెళ్ళింది కదా, మేడమీది కుండీల్లో ఎవరు బతికారో ఎవరు పోయారో చూసొద్దామని బయల్దేరింది ఉడుత. గోటితో కాడ గీరితే లోపల పచ్చగా ఉండాలి. అదీ దాని పరీక్ష.

గులాబీ నెగ్గింది. సన్నజాజి కుండీ నిండా లేత చిగుళ్ళే. తీరా తీగను గీరితే ఒట్టి ఎండుపుల్ల! ఉడుతకు మతిపోయింది.

"ఏమే జాజీ, ఉన్నావా, పోయావా?"

"జాజి పోయిందమ్మా. చిగుళ్ళు నావి," అంది తీగకు ఊతగా పాతిన మునగకొమ్మ.

"ఊతకర్రకు చిగుళ్ళేమిటే, చోద్యం కాకపోతే!"

"నాకూ అయోమయంగానే ఉంది. ఎండుకర్రనని గుచ్చి, దీన్ని పడిపోకుండా పట్టుకోమన్నారు. ఇప్పటికీ పట్టుకునే ఉన్నాను. ఇదెప్పుడు పోయిందో, నేనెప్పుడు బతికానో తెలియనే లేదు."