ట్యాంకుకి ముందా, తర్వాతా?

ఫిట్టర్ ఇంకా పానాలు సంచీలో సర్దుకోనేలేదు, గేటు బయట నిలబడ్డ ముసలాయన అననే అన్నాడు.

"తప్పుచోట పెట్టించారండీ."

ఇంటాయనకి ఒళ్ళు మండింది. ఇల్లంతటికీ ఒకటే ఫిల్టర్ అని నెల్లాళ్ళు నాలుగు షాపులు తిరిగి ఎంచుకున్నాడు మరి! కింద మోటారు పక్కన గోడకి నీలంరంగు ఫిల్టర్. మేడ మీద రెండు ట్యాంకులు. ఒకటి వాడకానికి, రెండోది ఎందుకైనా మంచిదని.

ఆ మనిషికి అన్నీ ఎందుకైనా మంచిదే. గొడుగులు రెండు, కళ్ళజోళ్ళు రెండు, తలుపుకి తాళాలు రెండు.

"మరెక్కడ పెట్టాలో సెలవివ్వండి" అన్నాడు వెటకారంగా.

"ట్యాంకుల తర్వాత. పైనుంచి నీళ్ళు ఇంట్లోకి దిగే పైపు మీద."

"ముందుంటే ట్యాంకులోకే శుభ్రమైన నీళ్ళు ఎక్కుతాయని షాపాయన చెప్పాడులెండి."

"కుళాయి నీళ్ళకి క్లోరిన్ మందు వాసన వస్తుందే, అదే బాబూ వాటికి కాపలా. మీ ఫిల్టర్ ఆ వాసన పీల్చేస్తుంది. కాపలా తీసేసిన నీళ్ళు ట్యాంకులో నిలవుంటే..."

మాట మధ్యలో ఆగిపోయాడు. గడప మీద చిన్నది నిలబడి చూస్తోంది.

"పాపకి నాలుగో ఏడా?"

ఇల్లాలు పరుగున వచ్చి పిల్లని కొంగు చాటుకి లాక్కుంది.

"మీకెందుకండీ?"

ఆయన ఫిల్టర్ మీది స్టిక్కర్ వంక చూస్తూ ఉండిపోయాడు. ఒక పాప గాజు గ్లాసు పైకెత్తి నవ్వుతున్న ఫోటో. ఫిట్టర్ తల వంచుకుని సంచీ భుజాన వేసుకున్నాడు.

మర్నాడు పదింటికి ముసలాయన మళ్ళీ వచ్చాడు. ఎదురుగా కరెంటు స్తంభం దగ్గర నిలబడి మేడ మీది ట్యాంకుల్ని చూశాడు. ఆ మర్నాడూ అంతే.

కిటికీ తలుపులు వేసుకుంటే సందులోంచి కనిపిస్తున్నాడు. దొడ్లో బట్టలు ఆరేస్తుంటే వీపున చూపు తగులుతోంది. ఇల్లాలికి అన్నం సహించడం మానేసింది.

ఒకరోజు చిన్నది ముద్ద మింగుతూ అంది.

"అమ్మా, మన నీళ్ళు ఏ వాసనొస్తున్నాయని అడిగాడు తాత."

"ఏ తాతే?"

"స్తంభం తాత."

తల్లి వెంటనే మొగుడికి చెప్పింది. ఇంటాయన షాపుకి ఫోన్ చేశాడు. అవతల షాపాయన పగలబడి నవ్వాడు.

"మీ ఇంటికీ వచ్చాడా సార్? మా బండి ఎటుపోతే అటు వస్తాడు. బుర్ర సరిగా లేదు. తరిమేయండి."

మర్నాడు ఇల్లాలు బకెట్టెడు నీళ్ళు తెచ్చి గేటు మీదుగా ఆయన మీద గుమ్మరించేసింది.

"ఇంకోసారి మా పిల్ల జోలికొస్తే బాగుండదు!"

ఆయన కదల్లేదు. నీళ్ళోడుతున్న చొక్కా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"కాపలా లేదమ్మా" అన్నాడు మెల్లగా. "ఆ రెండో ట్యాంకు నీళ్ళు మాత్రం పాపకి పట్టకండి."

ఆ తర్వాత రాలేదు. పీడా పోయిందనుకున్నారు.

మూడు నెలలకి వీధి పైపు పగిలి ఊరికి నీళ్ళు ఆగిపోయాయి. అంతా బిందెలు పట్టుకుని లారీ కోసం కాచుకున్నారు. ఇంటాయన మాత్రం మీసం దువ్వుకుంటూ మేడెక్కి రెండో ట్యాంకు వాల్వు తిప్పి వచ్చాడు.

"ఎందుకైనా మంచిదన్నానా, లేదా?"

చిన్నది గ్లాసు నోటిదాకా తెచ్చి ముఖం చిట్లించింది.

"నాన్నా, కంపు."

"ఫిల్టర్ నీళ్ళకి కంపేమిటే, వేషాలు కాకపోతే! తాగు."

తాగింది.

మూడోనాటికి వాంతులు, విరేచనాలు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. పదకొండు రోజులు ఆసుపత్రిలో. మొదటి రోజే డాక్టరమ్మ అడిగింది.

"ఏం నీళ్ళు తాగింది?"

"ఫిల్టర్ నీళ్ళేనండీ."

"ఆ ఫిల్టర్ ఎక్కడుంది? ట్యాంకుకి ముందా, తర్వాతా?"

ఇల్లాలికి తడిసిన చొక్కా చెయ్యి వాసన చూసుకుంటున్న మనిషే కళ్ళ ముందు నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఇంటాయన రెండో ట్యాంకు మూత తీశాడు. వేలు పెడితే గోడలన్నీ జిగట. అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దేవుడు చల్లగా చూశాడు, చిన్నది బతికింది. దూదిపింజంత తేలికై ఇంటికొచ్చింది.

ఫిల్టర్ చోటు మార్చడానికి ఆ ఫిట్టరే వచ్చాడు. ఇల్లాలు అతని ముందు చేతులు జోడించింది.

"ఆ పెద్దాయన ఇల్లు ఎక్కడో చెప్పండి. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

ఫిట్టర్ చేతిలో పానా ఆగింది.

"పోయి నెలైందమ్మా. మంచాన పడ్డా మీ ఇంటి ఫిల్టర్ మార్చారా అని నన్నడుగుతూనే ఉన్నాడు."

"ఆయన మీకు తెలుసా! మరి ఆ రోజు నోరెందుకు మెదపలేదు?"

"ట్యాంకు తర్వాత అంటే మేడ మీద రోజంతా పని. మోటారు పక్కన గంటలో అయిపోతుంది. షాపు ఓనరు చూపించిన చోట బిగించకపోతే నా ఉద్యోగం ఉండదమ్మా. తప్పే." అతను పానా కింద పెట్టాడు. "నాకు ఈ పని నేర్పింది ఆయనే. ఈ షాపు పెట్టిందీ ఆయనే. ఇప్పటి ఓనరుకి అమ్మేసి బయటికొచ్చేశాడు."

"ఎందుకు?"

ఫిట్టర్ గుడ్డ తీసుకుని స్టిక్కర్ మీది దుమ్ము తుడిచాడు. పాప నవ్వు తేటగా బయటపడింది.

"ఆయన కూతురికి ఐదో ఏడు రాలేదు. మొట్టమొదటి ఫిల్టర్ ఆయన తన ఇంట్లోనే పెట్టుకున్నాడమ్మా, ట్యాంకుకి ముందు. ఆ రోజు ఈ గ్లాసు నింపి కూతురి చేతికిచ్చి, ఈ ఫోటో తీసింది ఆయనే."