అంచు నీళ్ళ ఫోటో

అరవై నిండాక అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే సరిచేసుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే నాకు పదకొండు రోజులు పట్టింది, అందుకూ ఏమీ అనుకోకండి.

"వదినా, ఆ ఫోటో తీయకు!"

నెన్ నది ఒడ్డున గొంతుక్కూర్చున్న షూచిన్ తలెత్తి చూసింది. ఊళ్ళోవాడే, గ్వాన్ దెఫా, మంచు మీద లాగే జారుడుబండి ఈడ్చుకుంటూ వాలు దిగి వస్తున్నాడు.

నది గడ్డకట్టిన నాటినుంచీ రోజూ పొద్దున్నే మంచు ఫోటో తీసి నది దారి చూసే ఆఫీసుకు పంపడం షూచిన్ పని. అవతలి ఒడ్డుకు మంచు మీది దారి తెరిచి ఉంచాలో మూసేయాలో ఆ ఫోటో చూసే తేలుస్తారు. నాలుగు నెలలుగా ఇదే. మోకాళ్ళు పట్టేశాయి. బూట్లు తడవని రోజు లేదు. ఇవాళ ఒడ్డు వెంబడి మంచు కరిగి మూరెడు వెడల్పున నీళ్ళు నిలిచాయి. వెడల్పు తెలియడానికి చేతితొడుగు తీసి నీళ్ళ పక్కన పెట్టి, ఫోను ఎత్తబోతుంటే ఈ కేక.

"తీయకపోతే నా జీతం నువ్విస్తావా?"

"రెండు గంటలు ఆగు వదినా. అవతలి ఒడ్డున వడ్రంగి దగ్గర అమ్మ పేటిక ఉంది. రంగు రాత్రే ఆరిందట."

షూచిన్ చెయ్యి ఆగింది. దెఫా తల్లికి ఎనభై ఆరు. మూడు రోజులుగా మంచం దిగలేదు. కొడుకు చేయించిన శవపేటికను కళ్ళారా చూసుకుని పోవాలన్నదొక్కటే ఆవిడ కోరిక. ఈ ఫోటో వెళ్ళిందంటే దారికి గొలుసు వేస్తారు. మంచు పగిలి కొట్టుకుపోయేదాకా ఇరవై రోజులు బండీ పోదు, పడవా పోదు.

"ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

"పచ్చి రంగు మీద దుమ్ము పడితే అమ్మ ఊరుకుంటుందా? ఆవిడ సంగతి నీకు తెలీదా?"

"తెలీకేం. నా పెళ్ళి విందులో కూర్చుని మాంసంలో ఉప్పు లేదని ఊరంతా వినేలా అనింది."

"మరి? అదిగో, ఆ బండ నీడలో తీయి. అక్కడింకా నీలంగా, రాయిలా ఉంది. అదీ ఈ నదేగా?"

"నది ఇదే. నువ్వు నడిచేది మాత్రం అక్కడ కాదు."

"గుర్రాన్ని తీసుకుపోను, బరువు. నేనే లాక్కొస్తాను. వదినా, అమ్మను పాత తలుపు చెక్కల్లో పాతిపెట్టమంటావా?"

వాదించే ఓపిక షూచిన్‌కు లేదు. బండ దగ్గరికి నడిచి, తొడుగు మంచు మీద పెట్టి ఫోటో తీసింది. నీలం మంచు, లోపల ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు తెల్లటి బుడగలు. నాలుగు నెలల్లో అంత అందమైన ఫోటో ఆమె తీసింది లేదు. దారి తెరిచే ఉంటుందని వెంటనే జవాబొచ్చింది. దెఫా అప్పటికే నది మధ్యలో ఉన్నాడు.

షూచిన్ ఇంటికి పోలేకపోయింది. ఎండ ఎక్కింది. మూరెడు నీళ్ళు బారెడయ్యాయి. మధ్యలో మంచు బూడిదరంగుకు తిరిగింది. అవతలి ఒడ్డు నుంచి ఎర్రటి పేటిక బయల్దేరడం కనిపించగానే లేచి నిలబడింది.

"తొందరగా రా!" అని అరిచింది. మళ్ళీ తానే, "పరుగెత్తకు!" అంది.

ఇంకో ముప్ఫై అడుగులుందనగా మంచు చిట్లింది. దెఫా నడుము దాకా దిగబడ్డాడు. పేటిక అంచు పట్టుకుని పైకి పాకాడు. మూత జారి నీళ్ళలో పడింది, అతను లోపల పడ్డాడు. జారుడుబండి మునిగిపోయింది. పగిలిన మంచు ముక్కల నడుమ ఎర్రటి పేటిక మెల్లగా తిరగసాగింది.

"వదినా! ఇది తేలుతోంది!"

"ఆ వడ్రంగి చేసింది తేలక ఏమవుతుంది? పడుకో! లేచావంటే బోల్తా పడతావు!"

దెఫా వెల్లకిలా పడుకున్నాడు. గొలుసు స్తంభానికి చుట్టి ఉన్న తాడు విప్పి షూచిన్ విసిరింది. రెండుసార్లు అందలేదు. మూడోసారి పేటికలోంచి ఒక చెయ్యి లేచి పట్టుకుంది. ఆమె తాడును స్తంభానికి మెలివేసి, భుజాలు ఊడిపోతాయేమో అన్నంతగా లాగింది. ఒడ్డు తాకాక, ముందు తొడుగు తీసి నీళ్ళ పక్కన పెట్టి ఫోటో తీసి పంపింది. అతన్ని ఆ తర్వాతే లేపింది.

ఫోను మోగింది. "పొద్దుటికీ ఇప్పటికీ ఇంత తేడా ఏమిటి?"

"పొద్దున నీడలో తీశాను. తప్పు నాదే. దారి మూసేయండి."

"సరే. ఆ నీళ్ళలో ఎర్రగా ఏమిటది?"

"పడవ," అని పెట్టేసింది.

పేటికను నలుగురు మోసుకెళ్ళి దెఫా ఇంటి వాకిట్లో, కిటికీకి ఎదురుగా దింపారు. షూచిన్ గుమ్మంలోనే చతికిలబడింది. కోడలు వెనక నుంచి పట్టుకుని లేపితే ముసలావిడ కిటికీ దగ్గర కూర్చుంది. తడి బట్టలతోనే దెఫా జరిగిందంతా చెప్పాడు. ఆవిడ పేటికను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది.

"రంగు బాగా కుదిరింది," అంది.

దెఫాకు ఏడుపు ముంచుకొచ్చింది. "చూసుకున్నావుగా అమ్మా. ఇక నీకు ఏ బెంగా..."

"బెంగ ఎందుకుండదురా? నువ్వు పడుకుని లేచినదాంట్లో నేను పడుకోవాలా? వడ్రంగికి కొత్తది చెప్పు. పడవ మీద తెచ్చావంటే ఊరుకోను. మళ్ళీ నది గడ్డకట్టాక మంచు మీదే తీసుకురా. అందాకా నేనెక్కడికీ పోను."

— హె యూఝెన్, డెబ్బై రెండేళ్ళు. ఇప్పుడు హార్బిన్‌లో చిన్న కూతురి దగ్గర ఉంటున్నాను.